వార్నిష్ లేని బంతి

ఆ రోజు ఇంట్లో ఉన్నది నాన్న, అమ్మ, నానమ్మ, బాబాయి, బంతులు కొనడానికి వచ్చిన షాపాయన, ఆఖరున నేను. ఎవరైనా కొత్తవాళ్లు వస్తే నేను తలుపు చాటుకు పోతాను కాబట్టి లెక్కలో ఎప్పుడూ ఆఖరునే వస్తాను.

మా ఇంటి పని గోల్ఫ్ బంతులు. ఊరి అవతల గోల్ఫ్ మైదానం ఉంది. ఆడేవాళ్లు కొట్టిన బంతుల్లో సగం నీళ్ల గుంటల్లోకే పోతాయి. నాన్న మెడలోతు నీళ్లలోకి దిగి, కాళ్లతో తడిమి వాటిని పైకి తెస్తాడు. అమ్మ బురద కడుగుతుంది. బాబాయి రకాలు విడదీసి అమ్ముకొస్తాడు. ఈ మధ్యలో నానమ్మ పని ఉంది. కడిగిన బంతులకు సన్నని కుంచెతో వార్నిష్ పూసి, మేకులు కొట్టిన చెక్క మీద ఆరబెడుతుంది. ఒక పూత ఆరాక ఇంకో పూత. చివరికి ఆ బంతిలో మన మొహం కనిపిస్తుంది.

"నా చేయి పడితే గుంటలో చచ్చిన బంతైనా లేచి కూర్చోవాల్సిందే" అంటుంది నానమ్మ.

మా ఇంట్లో మంచి బంతి అంటే మెరిసే బంతి. అంతకుమించి ఆలోచించే అవసరం ఎవరికీ రాలేదు, ఎందుకంటే మా ఇంట్లో ఎవరూ గోల్ఫ్ ఆడరు. నేను మొదలుపెట్టేదాకా.

మా బడికి ఆట నేర్పడానికి ఒక మేడమ్ వచ్చారు. ఆడపిల్లల్లో ఒకరిని ఎంచి ఏడాదిపాటు మైదానంలోనే నేర్పిస్తామన్నారు. దూరం కొట్టడం చూడరట. బంతి పడాల్సిన గుంత చుట్టూ చాప పరిచినట్టు కత్తిరించిన గడ్డి ఉంటుంది, దాన్ని గ్రీన్ అంటారు. దాని బయట నిలబడి చిన్న దెబ్బ కొట్టి, బంతిని గుంత పక్కన ఆపాలి. ఆపడమే పరీక్ష. ఆ పరీక్ష ఆ రోజు సాయంత్రమే.

నాకు ఆ చిన్న దెబ్బ బాగా వచ్చు. గట్టిగా మాట్లాడలేని వాళ్ల కోసమే ఆ దెబ్బ పుట్టిందేమో అనిపిస్తుంది. మైదానం వాళ్లు తవ్వి పారేసిన గడ్డి పలకలను నాన్న మా పెరట్లో పరిచాడు. మేడమ్ ఇచ్చిన పాత కర్రతో రోజూ అక్కడే కొట్టేదాన్ని. బంతి నేను అనుకున్న చోటే పడేది. కానీ పడి ఊరుకునేది కాదు, దొర్లుకుంటూ వెళ్లి అమ్మ బకెట్టుకు తగిలేది. నా చేతిలోనే లోపం ఉందనుకుని ఏడ్చిన రోజులున్నాయి.

ఒకరోజు కర్ర చివర ఇనుప పలకను తుడుస్తుంటే, దాని గీతల్లో సన్నటి పెచ్చులు ఇరుక్కుని కనిపించాయి. గోళ్ల రంగు ఊడినట్టు ఉన్నాయి. గోరుతో గీకి చూస్తే, వార్నిష్. ఆ గీతలు పట్టుకోవాల్సింది బంతి పైపొరను, మేం తోలు అనేదాన్ని. అవి వార్నిష్‌ను పట్టుకుంటున్నాయి. బంతి జారిపోతోంది, గిర్రున తిరగడం లేదు. తిరగని బంతి ఆగదు.

పూత వేయని బంతులతో కొట్టి చూశాను. కాస్త నయమే కానీ వాటిలో ఎక్కువ భాగం దూరం పోవడానికి చేసినవి, తోలు రాయిలా ఉంటుంది. మెత్తటి తోలువి పెద్ద ఆటగాళ్లు వాడతారు, వాటి ధర మా ఇంటివైపు చూడదు. టౌన్లో ఒక షాపుకు వెళ్లి, ఒక్క మాటా మాట్లాడకుండా, ఒక్కో రకాన్నీ బొటనవేలి గోరుతో నొక్కి చూశాను. కింది అరలో, దుమ్ము పట్టిన డబ్బాలో, నిరుటి రకం ఒకటి దొరికింది. తోలు మెత్తనే, పేరు మాత్రం ఎవరూ విననిది. కొత్త రకం వచ్చేసిందని సగం ధరకే పెట్టారు. అమ్మ బూట్లకిచ్చిన డబ్బు వాటికిచ్చేశాను. పాత బూట్లలోంచి నా బొటనవేలు ఇప్పటికీ బయటికి చూస్తోంది.

ఆ బంతులు ఆగాయి. కానీ మెత్తటి తోలు కదా, నాలుగు రోజులకే గరుకెక్కి, సున్నం రాలిన గోడలా తయారయ్యాయి. అందుకే సంచి అడుగున దాచుకున్నాను.

ఇంతకీ ఆ రోజు. షాపాయన మెరిసే బంతుల బుట్ట ముందు కూర్చుని, ఒకటి తీసి వెలుగులో తిప్పి చూస్తున్నాడు. నానమ్మ మొహం కూడా అలాగే మెరుస్తోంది. నేను సంచి తగిలించుకుని పక్కనుంచి జారుకోబోయాను.

"ఆగమ్మా" అన్నాడాయన. "నువ్వు మా షాపుకొచ్చి బంతులన్నీ గిల్లి గిల్లి పెట్టిన పిల్లవి కాదూ?"

నేను తలుపు వైపు ఒక అడుగు వేశాను.

"మా పిల్లా? మీ షాపులోనా?" బాబాయి నవ్వాడు. "నోట్లో నాలుక లేనిదండీ అది. ఇంకెవరినో చూసుంటారు."

"ఈ బూట్లే. ఈ వేలే. ఇంట్లో బుట్టలకొద్దీ పెట్టుకుని మా దగ్గరెందుకు కొన్నావమ్మా?"

అందరూ నా వైపు తిరిగారు. అమ్మ నా బూట్ల వైపు చూసి, పెదవి కొరుక్కుంది.

బాబాయి బుట్టలోంచి అన్నిటికన్నా మెరిసే బంతిని తీసి నా చేతిలో పెట్టాడు. "చిన్నపిల్లండీ, తెలియక కొనుంటుంది. ఇవాళ పరీక్షలో దీంతోనే ఆడుతుంది. ఏమ్మా, ఆడతావుగా?"

తల ఊపితే సరిపోయేది. పుట్టినప్పటినుంచీ ఊపుతూనే ఉన్నాను.

"ఆడను" అన్నాను.

"ఏంటీ?"

"ఇది ఆగదు బాబాయ్."

షాపాయన బుట్ట పక్కకు జరిపి లేచాడు. "ఏదీ, కొట్టి చూపించు."

పెరట్లోకి వెళ్లాం. ముందు నానమ్మ బంతిని కొట్టాను. చక్కగా లేచి, చక్కగా పడి, తాపీగా దొర్లుతూ వెళ్లి బకెట్టుకు టంగుమని తగిలింది. తర్వాత నా గరుకు బంతి. కాస్త ఎగిరి, పడి, ఒక గెంతు గెంతి, ఎవరో చొక్కా పట్టుకుని లాగినట్టు ఆగిపోయింది. మళ్లీ కొట్టాను. మళ్లీ అంతే.

"చేయి జారిందని చెప్పవే" బాబాయి నా చెవిలో గొణిగాడు.

"జారలేదు" అన్నాను. అందరికీ వినిపించింది. నా గొంతు అంత ఉంటుందని నాకే తెలియదు.

షాపాయన గడ్డం గోక్కున్నాడు. "చూశాక కూడా ఎలా అమ్మమంటారు చెప్పండి? కడిగి ఇచ్చేయండి చాలు, పూత వద్దు. పూసినవి నేను తీసుకోను."

బాబాయి ఒంటికాలి మీద లేచాడు. "చూశావా అన్నయ్యా నీ కూతురు చేసిన పని! ఇంటి పరువు బకెట్లో ముంచింది!"

"పరువు కాదు, వార్నిష్" అన్నాడు నాన్న. అమ్మకు నవ్వొచ్చింది కానీ కొంగు అడ్డం పెట్టుకుంది.

నానమ్మ మాత్రం కుంచెను గుడ్డతో తుడుస్తూ నిలబడింది. ఎంతకూ తుడవడం ఆపలేదు. 'పోనీ, ఈ ఒక్కసారికి నీ బంతితోనే ఆడతాను' అనేస్తే ఆ తుడవడం ఆగేది. మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. సంచి సర్దుకుని గడప దాటాను.

నానమ్మ వెనకే గుమ్మం దాకా వచ్చింది.

"ఇంతకాలం నా పూతకు ఎవడూ వంక పెట్టలేదు."

"పూత బాగుంది నానమ్మా. బంతికి పనికిరాదు."

"అబ్బో! నోరొచ్చింది దొరసానికి! ఆ బొల్లి బంతి పట్టుకుని పోతున్నావుగా, పో. గెలిస్తేనే వచ్చి ఈ తలుపు కొట్టు. ఓడితే మీ నాన్న దిగే గుంటలోనే కాపురం పెట్టుకో."

"ఓడినా కొడతాను" అన్నాను. "నువ్వు తీసేదాకా కొడతాను."

నానమ్మ నా మొహం మీదే తలుపు వేసేసింది.