ఎడమకి నాలుగడుగులు

రిపీట్ అనే మాట ఇంగ్లీషువాళ్లదే కావచ్చు గాని, ఆ ఇనుపరేకుల యార్డులో అరిగినంతగా వాళ్ల దగ్గర కూడా అరిగి ఉండదు. క్యాంటీన్లో రెండో టీ కావాలంటే రిపీట్. షిఫ్టు మీద షిఫ్టు పడితే రిపీట్. మేనేజరుగారి కూతురు చదివిన క్లాసే మళ్లీ చదువుతోందంటే అదీ రిపీటే. క్రేను దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆ మాటతో వేళాకోళం కుదరదు. కింద నిలబడ్డ సిగ్నల్‌మన్ వాకీటాకీలో ఏది చెబితే అది, పైన కేబిన్లో ఉన్న ఆపరేటరు పొల్లుపోకుండా తిరిగి చెప్పాలి. కిందవాడు "సరే" అన్నాకే లివరు కదపాలి. అనుమానమొస్తే "రిపీట్" అనాలి, కిందవాడు మళ్లీ చెప్పాలి. ప్రతి మాటా ఆఫీసులో రికార్డవుతుంది.

ఈ పద్ధతి పెట్టిన మహానుభావుడికి, ఒకరంటే ఒకరికి గిట్టని బావాబావమరుదుల్ని పైనొకణ్ణి, కిందొకణ్ణి నిలబెడితే ఏమవుతుందో తట్టి ఉండదు.

ఆపరేటరు అక్క మొగుడే ఆ సిగ్నల్‌మన్. నోటికి మూత లేదు గనక యార్డంతా అతణ్ణి మైకు అంటారు. ఎనిమిది నెలల క్రితం అక్క విరిగిన మణికట్టుతో, ఒకే ఒక్క పెట్టెతో తమ్ముడి గుమ్మమెక్కింది. మెట్ల మీంచి పడ్డానని ఆస్పత్రిలో చెప్పింది. వాళ్లింటికి మెట్లే లేవు.

"పనిమాట తప్ప వాడితో ఇంకో మాట మాట్లాడితే నన్నడుగు" అన్నాడు తమ్ముడు ఆ రోజే. ఆ మాట పట్టుకునే అక్క నెమ్మదిగా తేరుకుంది.

మైకు ఊరుకుంటాడా! పనిమాటల్లోనే ముళ్లు పెట్టడం మొదలెట్టాడు. "మూడో వరస, రెండడుగులు వెనక్కి, బుద్ధిగా" అనేవాడు. పైనుంచి ఆ "బుద్ధిగా" కూడా చెప్పి చావాలి. అది మింగేస్తే మైకు "సరే" అనడు. రేకులు గాల్లో వేలాడుతుంటాయి, సూపర్‌వైజరు చిందులు తొక్కుతుంటాడు. ఒళ్లు మండిపోతున్నా ఆపరేటరు రోజంతా వాడి మాటలే తన నోటితో వల్లించేవాడు. అంతకన్నా నరకం ఏముంటుంది?

ఓ మంగళవారం పొద్దున్న రెండు టన్నుల రేకుల కట్ట గాల్లో ఉంది. మైకు గోడకీ పాత కట్టలకీ మధ్య ఇరుకులో నిలబడ్డాడు. ఎప్పుడూ క్రేనుకేసి తిరిగి నిలబడేవాడు గనక, తన కుడిని ఆపరేటరుకి ఎడమగా తిప్పి చెప్పడం అలవాటు. ఆ రోజు క్రేనుకి వీపు పెట్టి లారీ డ్రైవరుతో కబుర్లలో పడి, అలవాటు కొద్దీ కుడి అనాల్సింది అలాగే ఎడమగా తిప్పేశాడు.

"ఎడమకి నాలుగడుగులు."

ఎడమవైపు ఉన్నది మైకే.

"రిపీట్" అన్నాడు ఆపరేటరు.

"చెవుడొచ్చిందా? ఎడమకి నాలుగడుగులు!"

"రిపీట్."

"అచ్చం మీ అక్క పోలికే. చెబితే ఎక్కదు, ఒంటి మీద పడాల్సిందే. ఎడమకి నాలుగు!"

మైకు తల కూడా తిప్పలేదు. లారీ డ్రైవరు నవ్వడం పైకి కనిపించింది.

"ఎడమకి నాలుగడుగులు" అన్నాడు ఆపరేటరు.

"సరే."

అంతా పద్ధతి ప్రకారమే జరిగింది. రేపు ఎవరు విన్నా తప్పు మైకుదే. వాడు చావాలని ఆపరేటరుకి ఉంది, అందులో దాచేదేముంది! లివరు తోశాడు. కట్ట ఒక అడుగు జరిగింది. రెండో అడుగు కూడా జరిగాక, కింద మైకు తాపీగా మెడ గోక్కోవడం కనిపించింది. ఆ మెడ చూసేసరికి ఆపరేటరు లివరు వెనక్కి లాగేశాడు. క్రేను ఆగింది గాని, కట్ట ఊపు ఆగలేదు.

"బావా! ముందుకి దూకు బావా!"

మైకు దూకాడు. కట్ట వెళ్లి గోడ పెచ్చులు రాలగొట్టి ఆగింది. దుమ్ములోంచి లేచి, ప్యాంటు దులుపుకుని, మైకు కేబిన్‌కేసి చూశాడు. మొహంలో ఇంకా నెత్తురు చుక్క లేదు గాని, నవ్వు మాత్రం వచ్చేసింది. వాకీటాకీ నోటి దగ్గర పెట్టుకున్నాడు.

"ఏమని పిలిచావ్? రిపీట్."

ఆపరేటరు క్రేను కట్టేసి దిగిపోయాడు.

సాయంత్రం ఇంటికెళ్లేసరికి అక్క గుమ్మంలోనే నిలబడి ఉంది.

"మీ బావ ఫోన్ చేశాడు" అంది. "నువ్వు బావా అని పిలిచావట కదా. మీ తమ్ముడి మనసులో ఏం లేదు, ఇంకా నీకెందుకు పంతం అన్నాడు. నన్ను తీసుకెళ్లడానికి రేపొస్తాడట."

"కట్ట వాడి మీదకి ఊగుతోందక్కా. పిలవకపోతే గోడకి నలిగి చచ్చేవాడు."

"తెలుసు, అదీ చెప్పాడు" అంది అక్క. "మరి ఎందుకు పిలిచావ్?"