సదానందం కోసం ఒక పాట

“బిడ్డ లేదు గద, ఇగ నీకు ఆడ ఏం పని?” అన్నాడు సదానందం, పప్పు గిన్నె వైపు కనుబొమ్మ ఎగరేస్తూ. ఆ ఎగరేయడానికి ఇంకో గరిటె వెయ్యమని అర్థం.

భార్య జమున వేసింది. రెండో చేత్తో పెనం మీద రొట్టె తిప్పింది. సాయంత్రం ఊరి అవతల వేసూలో ‘బగాస్’ అనే బ్యాండు వాళ్ళు కొత్త ఆల్బం పాటలు వాయిస్తున్నారనీ, తను వెళ్ళొస్తాననీ చెప్తే, రొట్టె ఒక వైపు కాలేలోపే ఈ జవాబు వచ్చింది. ఆయన లెక్కలో ఆయన అడిగినదానికి తిరుగులేదు. ఇంతకాలం జమున ఆ పాటల చోట్లకు వెళ్ళింది కూతురు కరుణకు కావలిగా. ఈ వానాకాలంలో పూణేలో ఉద్యోగం దొరికి కరుణ వెళ్ళిపోయింది. చేనే లేనప్పుడు మంచె ఎక్కి కూర్చునేది ఎవరు?

కరుణ కాలేజీలో చేరిన కొత్తల్లో మొదలైంది ఇదంతా. స్నేహితురాళ్ళతో కలిసి ఎవరో బ్యాండు వాళ్ళ పాటలు వినడానికి పోతానంది. “పెండ్లి బ్యాండా?” అన్నాడు తండ్రి. కాదు బాపూ, వాళ్ళ పాటలు వాళ్ళే రాసుకుని వాళ్ళే వాయించుకునే బ్యాండు, సినిమాల్లో రారు, టీవీలో కనపడరు, మనమే వెతుక్కుని వెళ్ళాలి అని పిల్ల చెప్పుకొచ్చింది. ఎవరికీ తెలియని వాళ్ళ పాటలు పైసలు పెట్టి వినడం ఏం తెలివో సదానందానికి బోధపడలేదు గానీ, ఒక్కగానొక్క కూతురు అడిగితే కాదనలేడు. “ఒక్కదానివి పోవుడు లేదు. అమ్మను తోలుకపో” అని తీర్పు ఇచ్చి ఖటోదరా మిల్లుల పేటలో రాత్రి పాళీకి వెళ్ళిపోయాడు. జగిత్యాల వైపు నుంచి బతకడానికి ఈ గుజరాతీ ఊరికి వచ్చిన మనిషి, అక్కడ మరమగ్గాల మాస్టర్. మగ్గాలకు ఎంత చెబితే అంత. ఇంట్లోనూ అంతే అనుకుంటాడు పాపం.

అలా జమున కాపలాకు వెళ్ళింది. ఒక కాఫీ హోటల్ మేడ మీద చిన్న హాలు. గోడ పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, నలుగురు ఆడపిల్లలూ తమ సంచులూ, చున్నీలూ, ఒక హెల్మెట్టూ ఆమె ఒడిలో పోసి ముందుకు పరుగెత్తారు. ఎక్కడికి వెళ్ళినా ఆమెకు దొరికే చోటు అదే. పెళ్ళిళ్ళలో చెప్పుల దగ్గర, రైల్లో సామాన్ల దగ్గర. సామాను తనది కాకపోయినా కాపలా మాత్రం తనదే. గ్యాస్ బండలాగా కదలకుండా కూర్చుంది. అప్పుడు షిల్లాంగ్ నుంచి వచ్చిన ముగ్గురు అమ్మాయిలు స్టేజీ ఎక్కారు. ‘రెయిన్ ఆఫీస్’ అని వాళ్ళ పేరట. జుట్టు పొట్టిగా కత్తిరించుకున్న పిల్ల గొంతు ఎత్తింది. భాష ఏదో తెలియదు. ఒక్క మాట అర్థం కాలేదు. కానీ పాట సగానికి వచ్చేసరికి జమున మోకాళ్ళ మీద హెల్మెట్ జారి కింద పడింది, ఆమె తీయలేదు.

పాట అయిపోయింది. జమున ఒడిలో సంచులన్నీ కుర్చీలో పెట్టి, నేరుగా స్టేజీ దగ్గరికి నడిచి, కొంగు ముడిలోంచి ఒక నోటు తీసి ఆ పిల్ల చేతిలో పెట్టింది. ఆమెకు అది వింతేమీ కాదు. జగిత్యాల దగ్గర తల్లిగారి ఊళ్ళో ఒగ్గు కథ రసపట్టులో పడితే విన్నవాళ్ళు లేచి కట్నం చదివిస్తారు. కథ చెప్పే ఆయన డోలు మీద దెబ్బ వేయించి, ఇచ్చినవాళ్ళ పేరు నలుగురికీ వినపడేలా చెప్పి దీవిస్తాడు. కథ బాగుందని తెలిసి కూడా ఊరికే కూర్చోవడం మర్యాద కాదు. స్టేజీ మీద పిల్ల బిత్తరపోయింది. కరుణ చున్నీ దొరక్క రెండు చేతుల్లో మొహం దాచుకుంది. చివరికి ఆ పిల్ల నవ్వి, వంగి, “ఆంటీ, నామ్?” అని అడిగింది.

“సదానందం” అంది జమున.

అలవాటుగా అనేసింది. కట్నం ఎప్పుడూ మగవాళ్ళ పేరునే చదువుతారు. జమున తల్లి బీడీలు చుట్టి దాచుకున్న పైసల్లోంచే ఇచ్చేది, డోలు మీద దెబ్బ మాత్రం తండ్రి పేరుకు పడేది. “ఈ పాట సదానందం కోసం!” అని షిల్లాంగ్ పిల్ల మైకులో అరిచింది. హాలంతా “సదానందమ్! సదానందమ్!” అని చప్పట్లు. సదానందం ఆ సమయానికి ఖటోదరాలో దారాలు తెగిన మగ్గం కింద దూరి ఉన్నాడు. మర్నాడు చెప్తే ఆయన సంబరం చూడాలి. “నా పేరు మైకుల జెప్పిన్రా? ఇంగ్లీషోళ్ళా?” అని మగ్గం మగ్గానికీ పోయి చెప్పుకున్నాడు. జమున కూడా నవ్వింది. కానీ పాట విన్న రాత్రి ఆటోలో వస్తున్నప్పుడే లోపల ఎక్కడో ముల్లు గుచ్చుకుంది. పాట విన్నది నేను, గుండె ఝల్లుమన్నది నాకు, లేచి నడిచినవి నా కాళ్ళు. మరి ఆ పేరు ఎందుకు చెప్పాను? అడిగింది ఎవరో దూరపు ఊరి పిల్ల, అక్కడ మొగుడూ అత్తా ఎవరూ లేరు, ఎవరూ బలవంతపెట్టలేదు. మనిషి లోపల ఎవరు కూర్చుని జవాబులు చెప్తుంటారో అనుకుంది.

ఆ తర్వాత కరుణ ఎక్కడికి వెళ్ళినా అమ్మ తయారు. నాగపూర్ నుంచి వచ్చిన ఇద్దరన్నదమ్ములు, బరోడా కాలేజీ పిల్లలు, ఇంఫాల్ నుంచి ఒక్కడే వచ్చి నాలుగు వాయిద్యాలూ తానే వాయించినవాడు. వినేవాళ్ళు ముప్పై మంది కూడా ఉండరు. తల ఊపితే డ్రమ్ములు వాయించేవాడు చూసి తిరిగి తల ఊపుతాడు. పాట తప్పితే ఆపి, నవ్వి, మళ్ళీ మొదటినుంచి అందుకుంటారు. జమునకు అదే అన్నిటికన్నా విడ్డూరం. తప్పు జరిగినచోట ఎవరూ ఎవర్నీ తిట్టకపోవడం ఆమె అంతకు ముందు చూడలేదు.

ఆల్బం అంటే ఏమిటో కూడా కరుణే నేర్పింది. “సినిమా పాటల లెక్క ఏదంటే అది పెట్టొద్దమ్మా. వాళ్ళు ఏ వరుసల పెట్టిన్రో గదే వరుసల వినాలె” అని. జమున ఇంట్లో చీరలకు రాళ్ళు అతికించే పని చేస్తుంది. ఖటోదరా నుంచి మూట తెచ్చుకోవడం, బంక చుక్క పెట్టి ఒక్కొక్క రాయీ అద్దడం, ఆరబెట్టి మడిచి మళ్ళీ మూట కట్టి ఇవ్వడం. చెవిలో పాటలు పెట్టుకుంటే ఒక ఆల్బం అయ్యేసరికి ఒక కొంగు నిండేది. “చెవుల గా పురికొసలేందే?” అనేది అత్త బాలవ్వ. “పిలిస్తే ఇనవడకుంట ఏసుకున్నవా?” అత్త ఎగతాళికే అన్నా, ముసలమ్మ సరిగ్గా పట్టేసిందని జమున గబగబా ఇంకో రాయి అద్దింది. ఆమెకు తెలుగు వచ్చు, హిందీ వచ్చు, గుజరాతీ వచ్చు. మూడు భాషల్లోనూ ఆమె వినేది ఒకటే. చాయ్ పెట్టు. జల్దీ కరో. మాల్ ఆజే జ జోయియే, అంటే సరుకు ఇవాళే కావాలని. అర్థం తెలిసిన ప్రతి మాటా చివరికి ఒక పనై వచ్చి చేతిలో పడుతుంది. ఆ షిల్లాంగ్ పిల్ల పాడుతుంటే ఒక్క మాట తెలియదు, అందుకే ఏ పనీ పడదు. అంత హాయి తనకు పెళ్ళిలో పూలు చల్లినప్పుడు కూడా కలగలేదు.

కరుణ ఉద్యోగంలో పడి పాటలు మానేసింది. “టైమ్ దొరుకుతలేదమ్మా, ఇప్పుడు నేను ఏం వింటలేను” అంది. తల్లి మాత్రం ఆగలేదు. ఒక బ్యాండు విన్నాక ఫోన్ తెర కింద అలాంటిదే ఇంకో బ్యాండు బొమ్మ కనపడుతుంది. బొమ్మ నచ్చితే జమున దాని మీద వేలు పెడుతుంది, నచ్చకపోతే వదిలేస్తుంది. జీవితంలో తనంతట తాను నచ్చలేదని పక్కన పెట్టిన వస్తువులు ఆ ఆల్బమ్‌లే కాబోలు. అలా దొరికిందే బగాస్. దగ్గరే, బార్డోలీ కుర్రాళ్ళు. చక్కెర మిల్లులో చెరుకు పిండాక మిగిలే పిప్పిని బగాస్ అంటారని తెలిసి పడీపడీ నవ్వింది. ఎవడైనా తన బ్యాండుకు పిప్పి అని పేరు పెట్టుకుంటాడా! గుజరాతీలో పాడతారు, మిల్లు కూతలాగా గిటారును ఏడిపిస్తారు. కూతురు చెప్పకుండా, ఎవరూ చూపించకుండా ఆమె కనిపెట్టిన మొదటి బ్యాండు అది. ఆ గర్వం పైకి కనపడకుండా దాచుకోవడానికి ఆమె పడ్డ పాట్లు అన్నీ ఇన్నీ కావు.

అందుకే ఈ ఆదివారం మధ్యాహ్నం భర్త అలా అడిగేసరికి ఆమెకు దిగులేసింది. ఇవాళ వెళ్ళకపోతే ఇక ఎప్పటికీ వెళ్ళదు. ఆ సంగతి ఆమెకు బాగా తెలుసు. కరుణ వెంట వెళ్ళడం అనేది ఒక పని. పని కాబట్టి సాగింది. ఊరికే, తనకోసం వెళ్ళడానికి ఈ ఇంట్లో ఇంకా దారి వెయ్యలేదు.

“ఆడిది ఒక్కతే గంత దూరం పోతదా?” అంది మంచం మీంచి బాలవ్వ.

“నిన్న ఖటోదరాకు ఒక్కదాన్నే పోయిన గదత్తా” అంది జమున.

“గది వేరే. మూట తేవాలె గద.”

అవును, మూట తేవాలి. మిట్టమధ్యాహ్నం ఒళ్ళో చీరల మూటతో షేర్ ఆటోలో మగవాళ్ళ మధ్య ఇరుక్కుని వస్తే ఏ ఒక్కరోజూ ఎవరూ తోడు పంపలేదు. రేషన్‌కు ఒక్కతే, గ్యాస్‌కు ఒక్కతే, అత్త మందులకు ఒక్కతే. మూటకైతే ఆడది ఒక్కతే పోవచ్చు, పాటకైతే తోడు కావాలి. ఇన్నేళ్ళు ఇది తనకు తట్టలేదేమిటని ఆశ్చర్యపోతూ ఆమె పెనం కడిగింది. కోపం రాలేదు. కొత్తగా కొన్న చెప్పు లోపల ఏదో గుచ్చుకుంటుంటే వెతికి వెతికి దొరకబుచ్చుకున్నట్టు అనిపించింది.

అంతలో కరుణ ఫోన్ చేసింది. సంగతి విని తండ్రికి ఇవ్వమంది. ఏం చెప్పిందో గానీ సదానందం “గట్లనా, గట్లనా” అంటూ కాసేపు తిరిగాడు. జమున చీర మార్చుకుని వచ్చేసరికి ఆయన ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, తల దువ్వుకుని, గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

“పా, నేనొస్త నీ తోడు” అన్నాడు.

బాలవ్వ మంచం మీంచి మురిసిపోయింది. ఫోన్‌లో కరుణ “సూపర్ బాపూ!” అని కేక వేసింది. అందరికీ పండగే. జమునకూ ఒక్క క్షణం గుండె నిండింది. ఈ చొక్కా ఆయన పెళ్ళిళ్ళకు తప్ప తియ్యడు. మరుక్షణం ఆమె కళ్ళకు హాలు కనపడింది. ఫ్యాన్ కింద కుర్చీ ఎక్కడుందో తను వెతకాలి. చప్పుడెక్కువైందేమోనని పక్కకు తిరిగి ఆయన మొహం చూడాలి. “ఇంకెంతసేపే?” అంటే ఇంకొక్కటే అని బతిమాలాలి. నీళ్ళు, చాయ్, ఆ పోరగాళ్ళ జుట్టు మీద ఆయన వేసే మాటకు పక్కవాళ్ళ వైపు చూసి మొహమాటంగా నవ్వడం. పెళ్ళైన కొత్తల్లో డుమస్ సముద్రానికి తీసుకెళ్ళాడు. పాళీ దిగి వచ్చిన మనిషి, ఇసుకలో నిద్రపోయాడు. ఎండ పడకుండా ఆయన మొహం మీద కొంగు పట్టుకుని కూర్చుంది. ఆయన గురక గుర్తుంది, కొంగు పట్టి చెయ్యి తిమ్మిరెక్కడం గుర్తుంది. సముద్రం ఎలా ఉందో మాత్రం ఇప్పటికీ ఆమెకు తెలియదు.

చెడ్డవాడు కాదు. అదే చిక్కు. చెడ్డవాడికి వద్దని చెప్పడానికి కోపం సాయపడుతుంది. ఇస్త్రీ చొక్కా వేసుకుని నిలబడ్డవాడికి చెప్పాలంటే ఒంట్లో ఉన్న బలమంతా కావాలి.

“వద్దు” అంది జమున. “నువ్వు రాకు.”

“ఎందుకే? గుస్సానా?”

“గుస్స లేదు. నువ్వొస్తే నేను పాట ఇనను. నిన్ను జూసుకుంట కూసుంట.”

సదానందం చొక్కా వైపు ఒకసారి చూసుకున్నాడు. తిట్టడానికి ఏదైనా దొరుకుతుందేమోనని వెతికినట్టున్నాడు గానీ, ఆమె నవ్వుతూనే అంది, గొంతు కూడా పెంచలేదు. జమున చెప్పులు వేసుకుంది.

“మరి నేనేం జెయ్యాలె?” అన్నాడు ఆయన వెనక నుంచి. నిజంగానే తెలియక అడిగాడు.

పప్పు వేడి చేసుకో, అత్తకు రాత్రి గోలీ ఇయ్యి, డాబా మీద బట్టలు తియ్యి, మన్సు బాగలేకుంటే బిడ్డతో మాట్లాడు. అన్నీ వరసగా నాలుక చివరికి వచ్చేశాయి. జమున వాటన్నిటినీ మింగేసింది.

“నాకు తెల్వది” అని మెట్లు దిగింది.