మెలి లేని బల్ల

సంచి అడుగున ఉలులు, వాటి పదును తగలకుండా పాత తువ్వాలు, పైన రెండు జతల బట్టలు. తలుపుల మేస్త్రీ సర్దుకునే తీరు ఎప్పుడూ ఇంతే. భార్య వచ్చి అన్నీ పైకి తీసి మళ్ళీ చూసుకోవడమూ ఎప్పుడూ ఉండేదే.

"మందులేవండీ?"

"జేబులో ఉన్నాయి."

"చూపించండి."

గుండె మాత్రల అట్టపెట్టె తీసి చూపించాడు. అయిదింటి బస్సుకి వెళ్ళి, పొరుగూరి బడిలో పద్నాలుగు తలుపులు బిగించి, ఆదివారం పొద్దుటికి వచ్చేస్తాడు. నాలుగు రోజులే. అయినా గుమ్మం దాటే సంచిని చూస్తే ఆవిడకు అన్నం సహించదు.

సంచి పక్కన పెట్టి మేస్త్రీ చొక్కా చేతులు మడిచాడు. బస్సెక్కేలోగా చెయ్యాల్సిన పని ఇంకొకటుంది.

ఆవిడ విమానాలు కడుతుంది. సన్నటి బద్దలు, పల్చటి కాగితం, రబ్బరు బ్యాండు మెలిపెట్టి వదిలితే గిర్రున తిరిగే పంకా. పాత పుస్తకాల కొట్లో దొరికిన పుస్తకంలో బొమ్మలు చూసి, అరవై దాటాక తనంతట తనే నేర్చుకుంది. ఇప్పటికి పదకొండు కట్టింది. పదకొండూ ఎగిరాయి. ఎగిరి, ఎడమకు తిరిగి, పక్కింటి డ్రైవరుగారు ఆరేసుకున్న చొక్కాల్లో దూరాయి.

"అమ్మా, మీ విమానాలకి ఇంకో రూటే లేదా? నేను బస్సు నడిపినన్నాళ్ళూ ఇన్నిసార్లు ఒకే స్టాపుకి రాలేదు" అనేవాడాయన, గోడ మీంచి అందిస్తూ.

ఆవిడ నవ్వేది. లోపలికొచ్చి తన వేళ్ళ వంక చూసుకునేది. మొన్న మాత్రం నవ్వలేదు. "నా చేతిలోనే ఉందండీ వంకర. ఇంకొక్కటి కడతాను. అదీ ఇలాగే పోతే మానేస్తాను" అంది.

ఆ మాట మేస్త్రీకి ముల్లులా గుచ్చుకుంది. వంకర ఆవిడ చేతిలో లేదు, రెక్కలు పరిచి కట్టే బల్లలో ఉంది. పెళ్ళయిన కొత్తలో, పెళ్ళాన్ని మెప్పించే తొందరలో, సరిగా ఆరని చెక్కతో తనే చేశాడు. ఏడాది తిరక్కుండా ఒక మూల లేచింది. ఊళ్ళోవాళ్ళ తలుపుల్లో వెంట్రుకవాసి తేడా పట్టే మనిషి, ఇంట్లో బల్ల మీద గుడ్డ పరిచి కిమ్మనకుండా ఊరుకున్నాడు. ముప్పై ఎనిమిదేళ్ళు.

తలుపుల కొట్లో ఒక ఫ్లష్ తలుపు, రెండు వైపులా చదునుగా ఉండేది, మూలపడి ఉంటే కొత్త బల్లకని తెచ్చుకున్నాడు. తాళం బెజ్జం పొరపాటున బందుల వైపు తొలిచారని దాన్నెవరూ కొనలేదు. దాన్ని రెండు స్టాండ్ల మీద పడుకోబెట్టాడు. సరిసమానమైన రెండు బద్దల్ని ఈ చివరొకటి, ఆ చివరొకటి అడ్డంగా నిలబెట్టాడు. మోకాళ్ళ మీద కూర్చుని, ఒక కన్ను మూసి, దగ్గరి బద్ద అంచు మీదుగా అవతలి బద్దను చూశాడు. ఎడమ కొస కొంచెం దిగి ఉంది.

"లెవెలు చూడరా?" అంది ఆవిడ.

"వాలుంటే ఉండనీ. మెలి ఉండకూడదు. వాలు బల్లతోనే పోతుంది, మెలి రెక్కలోకి దిగుతుంది."

మందుల పెట్టె మూత చింపి, రెండు మడతలు పెట్టి, ఆ మూల కింద దోపాడు. బద్దలు రెండూ ఒకటే గీతయ్యాయి.

"అయ్యో, మందుల పెట్టె!"

"మాత్రలున్నాయిగా. పెట్టె మింగుతానా ఏంటి?"

తలుపు మీద గుండుసూదులు దిగేలా మెత్తటి అట్ట పరిచాడు. తాళం బెజ్జం దగ్గర అట్టను గుండ్రంగా కోశాడు. ఆవిడ జిగురు సీసాను అందులో దించింది. అచ్చంగా అతికినట్టు కూర్చుంది.

అంతలో ఆవిడకేదో తట్టింది. బద్దలు రెండూ తీసుకెళ్ళి పాత బల్ల మీద నిలబెట్టి, తనూ ఒక కన్ను మూసింది. అవతలి బద్ద ఒక కొస బాగా లేచి కనిపించింది.

"ఏమండీ..."

"పచ్చి చెక్క" అన్నాడు మేస్త్రీ, నేలకేసి చూస్తూ. "చెప్దామనే అనుకున్నాను."

"ఎప్పట్నుంచి?"

"నువ్వు కాపురానికొచ్చిన ఏడాది నుంచి."

"పదకొండు విమానాలండీ! నా చెయ్యి వంకరనుకుని పదకొండు విమానాలు!" అని కసిరి, ఆవిడ ఆ ఊపులోనే నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి నేల మీద చతికిలబడింది. తప్పు ఒప్పుకున్న ముఖంతో నిలబడ్డ మేస్త్రీ కూడా ఆపుకోలేకపోయాడు.

డ్రైవరుగారు గోడ మీంచి తల పెట్టాడు. "ఏంటమ్మా, మళ్ళీ మా ఇంటికేనా?"

"ఇంక రావు లెండి. రూటు మారింది!"

సాయంత్రం సంచి భుజాన వేసుకుంటూ మేస్త్రీ అరచేత్తో కొత్త బల్లను ఒకసారి నిమిరాడు. "ఆ మూల కింద అట్టముక్క కదపకు" అన్నాడు.

శుక్రవారం సాయంత్రం ఫోనొచ్చింది. "తిన్నగా పోయిందండీ! పాత విమానానికి కొత్త రెక్క కట్టి వదిలాను. వీధి చివరిదాకా తిన్నగా! డ్రైవరుగారు వెనకాలే పరుగెత్తారు!" మేస్త్రీ ఆ మాటను బడిలో పనివాళ్ళందరికీ రెండేసిసార్లు చెప్పాడు. ఆదివారం తన కళ్ళ ముందు మళ్ళీ వదలాలన్నాడు.

శనివారం మధ్యాహ్నం, పన్నెండో తలుపు బిగించి, అది చప్పుడు లేకుండా మూసుకుందని చూసుకుని, దానికే చేరగిలబడి కూర్చున్నవాడు మళ్ళీ లేవలేదు. మేస్త్రీ ఇంటికి తిరిగి రాలేదు.

బల్ల ఎడమ మూల కింద మందుల పెట్టె మూత, రెండు మడతల మీద, ఆయన దోపినట్టే ఉంది.