పప్పు పక్కన గొట్టం మాత్ర

మళ్లీ అదే! పింకీ చున్నీ ముక్కుకి అడ్డం పెట్టుకుని బాత్రూంలోంచి బయటికి పరుగెత్తుకొచ్చింది. నాన్న వెళ్లొచ్చాక ఎన్ని బకెట్లు కొట్టినా పోదు. పైన నూనె తెట్టు, పాచిపోయిన నెయ్యి కంపు, తెల్లగా పాలిపోయిన ముద్దలు తేలుతూ... ఛీ!

కోటబొమ్మాళిలో ఇంటి ముందు గదిలోనే కిరాణా కొట్టు నడిపే నాన్న నగరేశ్వరరావు ఎంత చిక్కిపోయాడంటే, చొక్కా హేంగరుకి తగిలించినట్టే ఉంటోంది. క్లోమం పాడైంది, తిన్న కొవ్వుని అరిగించే రసాలు ఊరడం లేదు, అరగని కొవ్వు అలాగే బయటికి పోతోంది, ఇక ఈ గొట్టం మాత్రలే వాటి పని చెయ్యాలి అన్నాడు డాక్టరు. లోపలుండేది పంది క్లోమంలోంచి తీసిన మందని కూడా దాచకుండా చెప్పేశాడు. కోడిగుడ్డు వాసనే పడని మనిషి! రోజంతా ఉమ్ముకుంటూ తిరిగి, ఆఖరికి మింగడం మొదలెట్టాడు. అయినా ఎండిపోతూనే ఉన్నాడు. ఇలాగే తగ్గితే మనిషి దక్కడన్నాడు డాక్టరు మొన్న.

"నాన్నా, మాత్ర ఎప్పుడేసుకుంటన్నావు?"

"అన్నం తిని, సెయ్యి కడుక్కుని, ఓ కునుకు తీసి లేసాక."

"అప్పటికి అన్నం దిగిపోతాది కదా! రెండూ కలిస్తేనే అరిగేది. మొదటి ముద్దకొకటి, సగంలో ఒకటి అని డాక్టరు సెప్పలేదేటి?"

"ఎంగిలి సేత్తో మందు సీసా ముట్టుకోమంటావేటి? ఛీ ఛీ! మీ నాయనమ్మ ఉంటే నీ వీపు సిట్లగొట్టీది."

"పందిని మింగీసినావు, ఎంగిలికి డోకొస్తందా నీకు?"

వంటింట్లో అమ్మ కన్యాకుమారి కిసుక్కుమంది. నాన్న మొహం మాడిపోయింది. "ఆ మాటెత్తకే, తిన్నదొచ్చీస్తాది!"

మధ్యాహ్నం పింకీయే వడ్డించింది. అన్నం, ముద్దపప్పు, ఆవకాయ. పప్పు పక్కన గొట్టం మాత్రలు రెండు.

"సీసా ముట్టుకోవద్దులే. ఇవీ వడ్డించినవే."

నాన్న చచ్చిన బల్లిని చూసినట్టు చూశాడు. ఒకదానికి పప్పు అంటుకుని జిగటగా మెరుస్తోంది. పింకీకే ఒళ్లు జలదరించింది. కంచం తోసేస్తాడా? నాన్న కళ్లు గట్టిగా మూసుకుని, మొదటి ముద్దతో ఒకటి గుటుక్కుమనిపించాడు. సగం తిన్నాక, మొహం వంకర్లు తిప్పుతూ రెండోది.

కొన్నాళ్లు పూట పూటకీ అలాగే వడ్డించింది. ఓ పొద్దున్న చున్నీ బిగించి బాత్రూంలోకి తొంగి చూసింది. ఛీ, చూడక తప్పదు మరి! తెట్టు లేదు. తేలడం లేదు.

"అమ్మా! మునిగిందే!"

ఆ కేక వీధి గుమ్మం దాకా వెళ్లింది.

"ఒసే! కొట్లో బేరాలున్నాయే, నోర్ముయ్యి!" అన్నాడు నాన్న ముందు గదిలోంచి.