ఎవరు రాసిన లైను

"నీ టూల్లో చటుక్కున పేరు చెప్పే పద్ధతే పెట్టెయ్. పాత చరిత్ర తవ్వుకుని ఎవరేం చేసుకుంటారు?" అన్నాడు భర్త, సోఫాలో కాళ్లు చాపుకుని. ఆమె అతని చొక్కాలు మడతపెడుతోంది.

ఇద్దరిదీ ఒకే ఆఫీసు, ఒకటే పని, ప్రోగ్రాములు రాయడం. ఇంటికొచ్చాక మాత్రం అలసిపోయే హక్కు అతనొక్కడిదే. "పొద్దున్నుంచీ బుర్ర బద్దలుకొట్టుకుని వచ్చాడమ్మా వాడు" అంటుంది అత్తగారు, కొడుకు తాగిన కాఫీ కప్పు కోడలి చేతికిస్తూ. కోడలు తన బుర్రని ఆఫీసు బీరువాలో దాచి వచ్చినట్టు!

ప్రోగ్రాములో ఏ లైను ఎవరు ఎప్పుడు రాశారో పక్కనే పేరుతో చూపించే టూలు ఒకటి ఆమె తయారుచేస్తోంది. ఆ పేర్లు తెచ్చే పద్ధతులు రెండు. ఒకటి ఇప్పుడున్న ఫైలు వరకే చూసి, చివరగా చెయ్యి పెట్టినవాళ్ల పేరు ఇట్టే చెప్పేస్తుంది. రెండోది, ఆ లైను అంతకుముందు ఏ ఫైల్లో ఉండేదో వెతుక్కుంటూ వెనక్కి పోయి, మొదట రాసినవాళ్ల పేరు పట్టుకొస్తుంది. కాస్త ఆలస్యం. ఏది పెట్టాలో మేనేజరు ఆమెకే వదిలేశాడు.

పొద్దున రెండోదాన్ని పరీక్షించడానికి ఆమె లెక్కలు కట్టే ప్రోగ్రాము ఫైలు తెరిచింది. ఆఫీసులో భర్తకి పేరు తెచ్చిన ఫైలది. త్వరలో రాబోయే ప్రమోషన్ కూడా దాని చలవే. పక్కన చూస్తే పైనుంచి కిందిదాకా ఆమె పేరే. పాప పుట్టి ఆమె సెలవులో ఉన్నప్పుడు, ఆమె రాసిందంతా ఎత్తి కొత్త ఫైల్లోకి మార్చాడతను. అంతకు మించి చేసిందేమీ లేదు. మొదటి పద్ధతిలో చూస్తే మాత్రం ప్రతి లైను పక్కనా అతని పేరే. తిరిగొచ్చాక అందరూ "మీ ఆయన గట్టివాడండీ" అంటే నవ్వి ఊరుకుంది. మన మనిషే కదా, పరువు తీయడమెందుకు అనుకుంది. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు ఒళ్లు మండింది. కానీ లైన్లు చదువుతూ పోతుంటే ఆ మంట చల్లారి, లోపల్నుంచి గర్వం పొంగుకొచ్చింది. ఎంత బాగా రాశాను, అనుకుంది.

"ఆలస్యమైతే అయింది. రెండోదే పెట్టేశాను" అంది.

అతను లేచి కూర్చున్నాడు. "పెట్టేశావా? నా ప్రమోషన్ అయ్యేదాకా ఆగొచ్చుగా! అయినా మొగుడూ పెళ్లాల మధ్య నీదీ నాదీ ఏంటి?"

"నీదీ నాదీ అని లేదంటున్నావుగా. మరి నా పేరు కనిపిస్తే నీకేం?"

"ఏమిట్రా గొడవ?" అంది అత్తగారు వంటింట్లోంచి.

అతను గొంతు తగ్గించాడు. "దాన్ని మొదటి పద్ధతికి మార్చే వీలుందా?"

"ఎందుకు లేదూ? సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఎవరైనా మార్చుకోవచ్చు" అంది ఆమె తాపీగా. "కాకపోతే, మార్చింది ఎవరో అక్కడ కూడా పేరు పడుతుంది."