మొదటి బండి బల్ల

మా ఊళ్లో ఏటా సెప్టెంబరులో బండ్ల విందు జరుగుతుంది. ఎడ్లబండ్ల మీద అమెరికా పడమటి కొసన ఉన్న ఈ ఆరెగాన్‌కు మొట్టమొదట వచ్చిన కుటుంబాల వారసులు రైతుల హాల్లో చేరతారు. తాతల బండి ఏ వరుసలో వచ్చిందో ఆ వరుసలోనే బల్లలు వేస్తారు. మొదటి బల్ల గవర్నర్ క్రేన్ బండిది. అధ్యక్షుడు ఒక్కో బండినీ పిలుస్తాడు, ఆ కుటుంబంలో పెద్దవాళ్లు లేచి, "వచ్చాం, ఉండిపోయాం" అంటారు. అంతా చప్పట్లు కొడతారు. ఆ చప్పట్లు మా ఇంటి వసారాలోకి వినిపిస్తాయి. చిన్నప్పటి నుంచీ అవి వింటే నాకు ఒళ్లు మంట.

మా అమ్మ ఓర్లీనాకు ఎనభై దాటాయి. పోయేలోగా ఒక్కసారి ఆ మొదటి బల్ల దగ్గర కూర్చోవాలని ఆమె కోరిక. ఇదేమీ గొంతెమ్మ కోరిక కాదు. గవర్నరు బండికి కట్టిన ఎడ్లను మిస్సోరీ నుంచి ఇక్కడిదాకా తోలుకొచ్చింది మా అమ్మ ముత్తాత జూబల్. గవర్నరు బండెక్కి కూర్చుంటే, జూబల్ పక్కన నడిచాడు. ఆ సంగతి ఊళ్లో ఎవరూ కాదనరు. కానీ అమ్మ అడిగినప్పుడల్లా చోటు లేదన్నారు. ఈ ఏడు మాత్రం అధ్యక్షుడు గోర్డన్ ప్రూవిట్ స్వయంగా మా ఇంటికి వచ్చాడు. ఆయన గవర్నరు మునిమనవడి కొడుకు. ట్రాక్టర్లు అమ్ముతాడు. ఆ అమ్మే నవ్వు ఇంటికెళ్లినా ముఖం మీంచి దిగదు.

"మిస్ ఓర్లీనా, ఈసారి మీరు మా ముఖ్య అతిథి" అంటూ పసుపు రిబ్బను బల్ల మీద పెట్టాడు.

"కుటుంబాలవాళ్లకు నీలం రిబ్బను కదయ్యా?" అంది అమ్మ.

"నీలం రిబ్బనుకు రూలుంది. వచ్చిన నాటి నుంచీ ఊరొదలకుండా ఉన్నవాళ్లకే అది. మీవాళ్లు మధ్యలో వెళ్లిపోయారు కదా!"

నేను మధ్యలో అడ్డుపడ్డాను. "వెళ్లిపోయారా? మీ తాత తరిమితే పోయారు!"

"అదిగో, డెల్ఫైన్‌కి మళ్లీ కోపం వచ్చేసింది" అని నన్ను చూసి నవ్వాడు. "పాత సంగతులమ్మా అవి. అప్పటి కాలం అలాంటిది. ఆయన మాత్రం ఎంతో ధర్మాత్ముడు."

ఆ ధర్మాత్ముడు చేసిందేమిటంటే, జూబల్ చేత తన ఇంటికి దూలాలు ఎత్తించుకుని, ఆ పైకప్పు కిందే కూర్చుని, నల్లవాళ్లెవరూ ఈ నేల మీద ఉండకూడదని చట్టం రాశాడు. ఆ పుణ్యానికే తర్వాత రాష్ట్రానికి గవర్నరయ్యాడు. జూబల్ పెళ్లాం బిడ్డలతో కొలంబియా నది దాటి ఉత్తరానికి పోయాడు. తిరిగి ఈ ఊళ్లో కాలు పెట్టింది మా అమ్మమ్మే. తరిమినవాడి పేరు ఊరికి పెట్టుకున్నారు. తరిమితే పోయినవాళ్లు తమంతట తామే ఊరు వదిలారని రూలు రాసుకున్నారు. ఇంతకన్నా సిగ్గుమాలిన పని నేనింకోటి చూడలేదు.

మా ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. బండ్ల విందు ముందురోజు సాయంత్రం పిల్లల్ని వంటింటి స్టూలెక్కించి ఆ చట్టం అప్పజెప్పిస్తారు. తప్పు పోతే మళ్లీ మొదటికి. మిగతా పిల్లలు ప్రార్థనలు నేర్చుకుంటుంటే నేను ఇది నేర్చుకున్నాను. ఒకసారి ఏడ్చి గోల చేశాను. "వాడి మాటలు మన నోట్లో ఎందుకమ్మా?"

"వాళ్లు మర్చిపోతారే. మర్చిపోయి, మనంతట మనమే పోయామంటారు. అప్పుడు చెప్పడానికి ఒక నోరుండాలి" అంది అమ్మ.

విందు రోజు ఆమె ఊదారంగు టోపీ పెట్టుకుని, పసుపు రిబ్బను చేతిసంచిలో కుక్కింది. మమ్మల్ని తలుపు పక్క బల్ల దగ్గర, ఫోటోలు తీసేవాడి సరసన కూర్చోబెట్టారు. మాంసం, బంగాళదుంపలు, గ్రేవీ వడ్డించారు. ప్రూవిట్ మైకు పట్టుకుని, "మొదటి బండి, గవర్నర్ క్రేన్!" అని పిలిచాడు. వాళ్ల పెద్దమ్మ లేవబోతోంది.

అంతకుముందే అమ్మ లేచింది. "వచ్చాం" అంది. మైకు అక్కర్లేని గొంతు ఆమెది. "ఆ బండి పక్కన నడిచి వచ్చాం. ఎందుకు ఉండలేదో మీ గవర్నరే రాశాడు, వినండి."

హాలు మధ్యకు నడుస్తూ అప్పజెప్పింది. "ఈ ప్రాంతమున నీగ్రో ఎవడును నివసింపరాదు. గడువులోగా విడిచి పోవలెను. పోనివానిని నలుగురిలో వీపు మీద కొరడాతో కొట్టింపవలెను. అప్పటికిని పోనిచో, పోవువరకు మరల మరల కొట్టింపవలెను." ఒక్క మాట తడబడలేదు. స్టూలు మీద ఏడ్చిన పిల్లను నేను, అక్కడ కూర్చుని ఆమెతోపాటు పెదవులు కదిపాను.

అమ్మ ముగించగానే ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. హాలంతా అందుకుంది. కొందరు కళ్లు తుడుచుకున్నారు కూడా. ప్రూవిట్ గుండె మీద చెయ్యేసుకుని, "ఎంత హృద్యంగా చెప్పారు, మిస్ ఓర్లీనా! మా కార్యక్రమానికే నిండుదనం వచ్చింది. ఇక రెండో బండి..." అన్నాడు.

కొరడా దెబ్బల్ని కూడా వినోదం చేసుకుని చప్పట్లు కొట్టే జనాన్ని ఏం చెయ్యాలి? బల్ల తిరగెయ్యాలన్నంత కోపం వచ్చింది నాకు.

అమ్మ మాత్రం మొదటి బల్ల దాకా వెళ్లి, ప్రూవిట్ కుర్చీ వెనక ఆగింది. "చప్పట్లు ఆపండి. నేను పాట పాడలేదు. కుర్చీ అడిగాను."

చప్పట్లు ఆగాయి. ఆ బల్ల చుట్టూ ఉన్నవాళ్లు కంచాల్లోకి చూశారు. ఒక్కరూ జరగలేదు.

ప్రూవిట్ మైకు ఆపి, కూర్చుని, గొంతు తగ్గించాడు. "ఈ వయసులో ఎంతసేపని నిలబడతారు? కాళ్లు లాగుతాయి. వెళ్లి మీ చోట కూర్చోండి."

"నా చోట్లో నువ్వు కూర్చున్నావు నాయనా" అంది అమ్మ. "లేచేదాకా ఉంటాలే. ఈసారి కొరడా తెచ్చినా పోను."

ఆయన ఫోర్కు తీసి మళ్లీ కింద పెట్టాడు. కంచంలో గ్రేవీ గడ్డకట్టసాగింది. అమ్మ మా బల్ల దగ్గరే వదిలేసిన చేతికర్రను నేను తీసుకెళ్లి ఆమెకు అందించి, పక్కనే నిలబడ్డాను.