కిటికీ తెరతో కుట్టిన సంచి

“చేతులున్నాయిగా, మళ్ళీ సంచెందుకు?” అన్నాడు మా ఆయన మ్జోలిసి.

నేను గుమ్మంలో కూచుని పాత కిటికీ తెరని సంచిగా కుడుతున్నాను. సన్న కన్నాల నైలాన్ గుడ్డ. జొన్న బీరు వడకట్టడానికి అంతకన్నా మంచిది నాకు దొరకలేదు. తడి పిప్పి బరువుకి విచ్చిపోకుండా అడుగున రెండు వరసల కుట్టు వేశాను. మూతికి తాడు ఎక్కించాను. కర్రకి వేలాడదీసి, కింద డ్రమ్ము పెట్టి, పొంగిన బీరు అందులో పోస్తే దాని బరువుకి అదే కారుతుంది. పిండక్కర్లేదు. ఆ మాటే చెప్పాను. విన్నట్టు తలూపి గొడ్ల దొడ్డి వైపు వెళ్ళిపోయాడు.

చేతులున్నాయిగా. నాకు కొత్త మాట కాదు. సముద్రం ఒడ్డున టూరిస్టులు దిగే బసలో దుప్పట్లు ఉతికే పని నాది. అక్కడ మిషను చెడిపోయిన రోజు యజమానురాలు నా చేతులు పట్టుకుని మెచ్చుకుంది, మిషను కన్నా గట్టిగా పిండుతావు మాజోలా అని. ఇక్కడ పెళ్ళయినదాన్ని పుట్టింటి వంశం పేరుతో పిలుస్తారు, నాది మాజోలా. ఆ మెప్పు తర్వాత ఆవిడ మిషను బాగు చేయించలేదు. ఇప్పుడు పొద్దున్నే లేచేసరికి బొటనవేలి నుంచి మోచేతి దాకా చీమలు పాకుతున్నట్టుంటుంది. టీ కప్పు పట్టు తప్పి జారిపోతుంది. ఆస్పత్రిలో నర్సు మణికట్టుకి పట్టీ వేసి, ఇక పిండే పని మానెయ్యమంది. ఇంటికొచ్చి అత్తమ్మకి చెప్పాను.

“ఆ నర్సుకి అత్తగారు లేదేమో” అంది.

మామగారు పోయి ఏడాది దాటింది. ఆయన ఆత్మని మళ్ళీ ఇంటికి పిలుచుకునే కార్యం పెట్టారు. కార్యానికి కోసే ఎద్దు సంగతి తను చూసుకుంటానని పట్నంలో ఉండే పెద్ద బావగారు వుయిసిలె ఫోనులో చెప్పాడు. బీరు మాజోలా చేస్తుందనీ ఆయనే చెప్పాడు. నన్నెవరూ అడగలేదు. ఎద్దునీ అడగలేదులెండి.

జొన్నలు నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెట్టి పిండి విసిరాను. మొక్కజొన్న పిండితో కలిపి అంబలి కాచాను. వాగు నుంచి నీళ్ళు మోశాను. డ్రమ్ములకి దుప్పట్లు కప్పి పిల్లల్ని కాచినట్టు కాచాను. బీరు పులిసిందంటే, దాని మీద వెలిగించిన అగ్గిపుల్ల పెడితే ఆరిపోవాలి, ఆరింది. అన్నాళ్ళూ ఇంట్లో మగవాళ్ళు చేసిన పని, డ్రమ్ములున్న గది ముందు నుంచి పోతూ వాసన పీల్చి ఇంకా ఎన్నాళ్ళని అడగడం.

అత్తమ్మ పొగ పట్టిన వాసాల్లోంచి గడ్డి తిత్తి దించి నా పక్కన పెట్టింది. చెయ్యి పొడుగున సొరకాయలా అల్లినది. ఆవిడ అత్తగారి చేతి పని. అందులో బీరు పోసి రెండు కొసలూ పట్టుకుని మెలిపెట్టి మెలిపెట్టి పిండాలి. డ్రమ్ములకి డ్రమ్ములు. ఈ ఇంటికొచ్చినప్పటి నుంచి ప్రతి చావుకీ ప్రతి పండక్కీ నేను పిండింది దాంతోనే. ఈసారి దాన్ని అక్కడే ఉంచాను.

కార్యం నాడు పొద్దున్నే ఇరుగుపొరుగు ఆడవాళ్ళు సాయానికొచ్చారు. వంటపాక వెనక కర్రకి సంచి కట్టాం. పోసిన బీరు సంచి అంచుల వెంట చెమట పట్టినట్టు పట్టి, ధార కట్టి కిందికి దిగింది. పక్కింటి నొలుంది చేతులు నడుం మీద పెట్టుకుని చూసింది. “మాజోలా, నీ మొగుణ్ణి కూడా ఇలాగే వేలాడదియ్యి. ఏదైనా పని కారుతుందేమో” అంది. నవ్వలేక చచ్చాం. అత్తమ్మ నవ్వలేదు గానీ మూతి తిప్పుకుని అటు చూసింది.

బీరంతా దిగేసరికి బావగారు వచ్చాడు, వెనకే నలుగురు మగవాళ్ళు. సంచి చుట్టూ తిరిగి చూశాడు.

“ఇది కిటికీ గుడ్డ కదూ? మా నాన్న కిటికీలోంచి తాగుతాడా?”

వెనకవాళ్ళు నవ్వారు. పెద్దలకి పోసే బీరు గడ్డిలోంచే దిగాలని, ప్లాస్టిక్కు వాసన వాళ్ళకి గిట్టదని, అంతా మళ్ళీ గడ్డి తిత్తిలో వడకట్టమని చెప్పాడు. బట్టకి అంటిన దుమ్ము దులపమన్నంత తేలిగ్గా చెప్పాడు. నా మణికట్టు పట్టీ వంక చూసే చెప్పాడు. మామగారు బతికుండగా కొట్లో, లోపల ప్లాస్టిక్కు పూసిన అట్టపెట్టె బీరు కొనుక్కుని, మూల కొరికి, గోడకి జేరబడి తాగేవాడు. అప్పుడు ఆయన గొంతుకి అడ్డుపడని ప్లాస్టిక్కు పోయాక అడ్డుపడుతుందట. పోయినవాళ్ళకి ఏది గిట్టదో ఎప్పుడూ బతికున్న మగవాళ్ళకే తెలుస్తుంది. గిట్టని ప్రతిదానికీ పని మాత్రం మాకు పడుతుంది.

రేకు చెంబు ముంచి ఒకామె నా చేతికిచ్చింది. బీరు చేసిన మనిషే మొదటి గుక్క తాగాలి. బీరులో విషం లేదని, చేసిన చేతిలో పగ లేదని అందరూ చూడాలి. ఆ తర్వాతే మగవాళ్ళకి. ఇన్నేళ్ళూ ఆ గుక్క నాకు చేదుగా దిగేది. ఇంత చాకిరీ చేయించుకుని, చివర్న నిన్ను నమ్మం అన్నట్టుండేది. ఇవాళ చెంబు పట్టుకుని నుంచుంటే ఇంకోటి తట్టింది. నేను తాగకపోతే దొడ్డి దగ్గర కూచున్న మగవాళ్ళందరూ ఎండు నోళ్ళతో కూచోవాలి. మామగారితో సహా.

చెంబు నేల మీద పెట్టి, పక్కన నేనూ కూచున్నాను.

“గడ్డిలో పిండాలంటే పిండండి బావగారూ. పిండినవాళ్ళే మొదటి గుక్క తాగండి. నేను పిండను.”

మ్జోలిసి వచ్చి నా చెవి దగ్గర వంగాడు. పరువు తియ్యకే, ఎంత చిన్న పని అన్నాడు. చిన్నదైతే నువ్వు చెయ్యి అన్నాను. లేచి నుంచున్నాడు, చెయ్యలేదు.

అప్పుడు అత్తమ్మ లేచింది. గడ్డి తిత్తి తీసుకుంది.

“చూడు, ముసలి తల్లి లేచింది. నీకు సిగ్గనిపించడం లేదూ?” అన్నాడు బావగారు.

అనిపించింది. కాళ్ళు వాటంతటవే కదిలాయి. ఎప్పుడూ జరిగేది ఇదే. చిన్నది కూచుంటే పెద్దది లేస్తుంది, పెద్దది లేస్తే చిన్నది సిగ్గుపడి లేస్తుంది, మగవాడికి లేచే అవసరమే రాదు. నేలని రెండు అరచేతులతో అదిమిపెట్టుకుని కూచున్నాను.

అత్తమ్మ తిత్తిలో బీరు పోయించుకుంది. కొసలు పట్టుకుంది. వేళ్ళు మూసుకోలేదు. మళ్ళీ పట్టుకుంది. ఎండిన కొమ్మల్లా సగం దాకా వంగి ఆగిపోయాయి. తిత్తి జారి, బీరు దుమ్ములోకి పోయింది. టీ కప్పు నన్ను పట్టుకోమని, రొట్టె నన్ను తుంచమని ఆవిడ గదమాయించేది ఎందుకో నాకప్పుడు తెలిసింది. ఇన్నేళ్ళూ పెత్తనం అనుకున్నాను.

ఆవిడ తన చేతుల్ని కాసేపు చూసుకుంది. తర్వాత తడి తిత్తిని తెచ్చి పెద్దకొడుకు ఇస్త్రీ చొక్కా మీద పెట్టింది.

“మీ నాన్న దీన్ని ఒక్కసారీ పట్టుకోలేదు. నువ్వు పట్టుకో.”

బట్టలు తడిపేసుకున్న పరాయి పిల్లని ఎత్తుకున్నట్టు పట్టుకుని నుంచున్నాడాయన. దొడ్డి దగ్గర్నించి, కార్యంలో పోయినవాళ్ళని పేరు పెట్టి పిలిచే ముసలాయన కర్ర ఊపుకుంటూ వచ్చాడు. సంచినీ నన్నూ బావగారి చొక్కానీ చూశాడు.

“ఎద్దు నేలకొరిగింది, మీ నాన్న వచ్చి కూచున్నాడు. నువ్వింకా గుడ్డ దగ్గరే ఉన్నావేంరా?” అన్నాడు.

బావగారు తిత్తి కింద పెట్టాడు. మ్జోలిసి ఏమనుకున్నాడో, వెళ్ళి కర్రకున్న ముడి విప్పాడు. పిప్పితో నిండిన సంచి ఒక్కసారిగా చేతుల మీదికి వచ్చేసరికి మోకాళ్ళు వంగాయి.

“ఇంత బరువుంటుందా ఇది?” అన్నాడు.

చెంబు తీసుకున్నాను. మొదటి గుక్క తాగాను. మగవాళ్ళు చేతులు చాపారు. రెండోదీ తాగాను. బీరు బాగా కుదిరింది, పొట్టు తగల్లేదు, పుల్లగా చల్లగా దిగింది. మూడోది కూడా తాగి, చాపిన చేతులన్నీ దాటుకుని వెళ్ళి, చెంబు అత్తమ్మ రెండు అరచేతుల మధ్య పెట్టి, జారకుండా కింద నా చేతులు పట్టాను.